మల్టీప్లేయర్ ఆటల్లో సర్వర్–క్లయింట్ అధికార విభజన

నెట్‌వర్క్ మీద పలువురు కలిసి ఆడే వీడియో ఆటలో బంతి, బండి, తలుపు, తూటా, ఆటగాడి బొమ్మ ఇలా ప్రతి వస్తువు విషయంలోనూ ఒక సంగతి ముందే తేలాలి. అది ఇప్పుడు ఎక్కడుంది, దేనికి తగిలింది, ఎవరి చేతికి పోయింది అన్నదానిపై చివరి మాట ఏ యంత్రానిది? ఆ చివరి మాట చెప్పే హక్కునే అధికారం అంటారు. దాన్ని ఆటను నడిపే సర్వర్‌కు ఇస్తే మోసానికి తావు తగ్గుతుంది కానీ ఆలస్యం మిగులుతుంది. ఆడేవారి ఫోన్‌కో కంప్యూటర్‌కో, అంటే క్లయింట్‌కు, ఇస్తే చెయ్యి కదిపిన వెంటనే ఫలితం కనిపిస్తుంది కానీ ఆ క్లయింట్ చెప్పింది నిజమో కాదో మిగతావారికి తెలియదు.

దూరం లెక్క

ఏలూరు జిల్లా భీమడోలులో ఒకరు, తాడేపల్లిగూడెంలో ఒకరు ఫోన్‌లో ఒకే ఆట ఆడుతున్నారనుకుందాం. ఇద్దరి మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. అయినా ఒకరు తన్నిన బంతి కబురు నేరుగా రెండోవారికి చేరదు. సర్వర్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. సరళరేఖలో చూస్తే భీమడోలు నుంచి హైదరాబాద్ సుమారు 300, ముంబయి సుమారు 900, సింగపూర్ సుమారు 3,000 కిలోమీటర్లు. అంటే వెళ్ళి రావడానికి తక్కువలో తక్కువ 3, 9, 30 మిల్లీసెకన్లు. తీగల వంకర దారులు, సెల్ టవర్లు, మధ్యలోని రూటర్లు కలిస్తే అసలు ఆలస్యం ఇంతకు కొన్ని రెట్లు అవుతుంది. అందుకే అధికారాన్ని ఎలా పంచారన్నది సర్వర్ ఉన్న నగరంలో ఆడేవారికన్నా కొల్లేటి సరస్సు చుట్టుపక్కల, భీమడోలు లాంటి ఊళ్ళలో ఆడేవారికే బాగా తెలుస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చవకైన 4జీతో ఈ ఊళ్ళ యువత పెద్ద సంఖ్యలో ఇలాంటి ఆటల్లోకి వచ్చింది.

తొలి రోజులు

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ కొనసాగించిన ‘మడ్’ ఆటలో పంచుకోవడానికేమీ లేదు. లోకమంతా ఒకే కంప్యూటర్‌లో ఉండేది. ఆడేవారి ముందున్నది అక్షరాలు చూపే టెర్మినల్ మాత్రమే.

దీనికి పూర్తిగా ఎదురు దారి 1980లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా నిధులతో తయారైన సిమ్‌నెట్‌ది. యుద్ధ ట్యాంకుల శిక్షణ యంత్రాలను కలిపిన ఈ వ్యవస్థలో ఏ ట్యాంకు లెక్క దాని యంత్రానిదే. మిగతా యంత్రాలు దాని వేగాన్నీ దిశనూ బట్టి అది ఎక్కడుంటుందో ఊహించుకుంటాయి. ఊహకూ నిజానికీ మధ్య తేడా హద్దు దాటినప్పుడే కొత్త సమాచారం వెళుతుంది. దీని నుంచి పుట్టిన ‘డిస్’ అనే ప్రమాణంలో గుండు తగిలితే ఎంత నష్టం జరిగిందో తేల్చేది కూడా దెబ్బ తిన్న యంత్రమే. అందరూ ఒకే సైన్యం వారు కాబట్టి అది చెల్లింది. గెలుపు కోసం ఆడే అపరిచితుల మధ్య అలాంటి నమ్మకం నిలవదని తర్వాతి చరిత్ర చూపించింది.

1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’లో సర్వర్ లేదు. నలుగురి కంప్యూటర్లూ ఆట మొత్తాన్నీ సెకనుకు 35 దశల చొప్పున విడివిడిగా లెక్కగట్టేవి. ఒకదానికొకటి పంపుకునేది ఏ మీట నొక్కారన్న వివరమే. ఒకరి సమాచారం ఆలస్యమైతే అందరూ ఆగాల్సిందే. 1997లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ ఇదే పద్ధతిని సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెమ్‌ల మీద 1,500 సైనికుల దాకా నడిపింది. వేల బొమ్మల స్థానాలు పంపే బదులు ఆదేశాలు మాత్రమే పంపి, వాటిని రెండు విడతల తర్వాత అందరి దగ్గరా ఒకేసారి అమలు చేసింది. ఇక్కడ ఏ యంత్రానికీ ప్రత్యేక అధికారం లేదు. బదులుగా అన్ని యంత్రాల లెక్కా రవ్వంత తేడా లేకుండా కలవాలి.

ఊహించే క్లయింట్

మలుపు 1996లో వచ్చింది. ఐడీ సాఫ్ట్‌వేర్ ‘క్వేక్’ను పూర్తి సర్వర్ అధికారంతో విడుదల చేసింది. ముందుకు నడిచే మీట నొక్కితే, సర్వర్ ఒప్పుకున్న కబురు తిరిగి వచ్చాకే తెర కదిలేది. ఆఫీసు నెట్‌వర్క్‌లో బాగానే ఉన్నా ఇంటి మోడెమ్ మీద అది బురదలో నడక. తన అసలు రూపకల్పన 200 మిల్లీసెకన్లలోపు ఆలస్యాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిందని, ఇంటర్నెట్ ఆటకు ఆ అంచనాలు సరిపోవని ‘క్వేక్’ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఆ ఆగస్టులో బహిరంగంగా రాశాడు. డిసెంబరులో వచ్చిన ‘క్వేక్‌వరల్డ్’లో క్లయింట్ తన ఆటగాణ్ని సర్వర్ మాట కోసం ఆగకుండా కదిలిస్తుంది. తర్వాత సర్వర్ లెక్క వేరుగా వస్తే దిద్దుకుంటుంది. తీర్పు సర్వర్‌దే, తొందర మాత్రం క్లయింట్‌ది. ఈ రంగంలో ఇంతకన్నా గొప్ప ఆలోచన మరొకటి రాలేదనడం అతిశయోక్తి కాదు. దూరపు ఊరివాడూ నగరంవాడితో కలిసి ఆడగల వీలు దీనితో పెరిగింది.

1998లో ‘అన్‌రియల్’ ఆట ఈ విభజనను ప్రతి వస్తువుకూ విస్తరించింది. టిమ్ స్వీనీ రూపొందించిన ఆ ఆట ఇంజిన్‌లో వస్తువుకు ఒక్కో యంత్రంలో ఒక్కో పాత్ర ఉంటుంది. సర్వర్‌లో ఉన్నది అసలుది. దాన్ని నడిపే ఆటగాడి దగ్గర సొంతంగా కదలగల ప్రతినిధి, మిగతావారి దగ్గర చూపించడానికే ఉన్న ప్రతినిధి ఉంటాయి. నేటి అన్‌రియల్ ఇంజిన్‌లోనూ ఈ విభజనే నడుస్తోంది.

తుపాకీ గురి విషయంలో మాత్రం ఊహ సరిపోలేదు. తెర మీద కనిపించే శత్రువు కొన్ని మిల్లీసెకన్ల కిందటి శత్రువు. వాల్వ్ సంస్థకు చెందిన యాన్ బెర్నియర్ 2001లో వివరించిన పద్ధతి ప్రకారం, తూటా కబురు అందగానే సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పుతుంది. కాల్చినవాడు మీట నొక్కినప్పుడు అతని తెర మీద ప్రత్యర్థి ఎక్కడున్నాడో అక్కడ పెట్టి, తగిలిందా అని చూస్తుంది. భీమడోలు ఆటగాడు సూటిగా గురిపెట్టి కాలిస్తే తగులుతుంది. దీనికి మూల్యం చెల్లించేది ఎదుటివాడు. గోడ చాటుకు చేరాక కూడా అతను చచ్చిపోవచ్చు. కాల్చినవాడి కన్ను చూసిందే ప్రమాణమని ఒప్పుకుంటే ఈ చిన్న అన్యాయం తప్పదు. అది లేని ఆట దూరపువారికి అసలు ఆటే కాదు.

మోసం, దాచిన ముక్కలు

1996 చివర వచ్చిన ‘డయాబ్లో’ పాత్రల వివరాలను ఆడేవారి కంప్యూటర్‌లోనే ఉంచింది. వాటిని ఇష్టమొచ్చినట్టు మార్చుకున్నవారితో ఆట నిండిపోయింది. 2000లో వచ్చిన రెండో భాగం, సర్వర్ల మీదే భద్రపరిచే పాత్రలకు వేరే విభాగం పెట్టింది. తెలుగునాట అందరికీ తెలిసిన రమ్మీలో అయితే మార్చడమే కాదు, చూడడం కూడా అధికారమే. ఎదుటివారి 13 ముక్కలు ఫోన్‌కు చేరాయంటే, తెర మీద చూపకపోయినా, తవ్వి తీసేవారుంటారు. కాబట్టి పేక కలపడం, పంచడం అన్నీ సర్వర్‌లోనే జరగాలి. 2020లో ‘వాలరాంట్’ కూడా గోడ వెనకున్న శత్రువు స్థానాన్ని అవసరమయ్యే దాకా క్లయింట్‌కు పంపకుండా ఆపింది.

చేతులు మారే అధికారం

భౌతిక వస్తువులు ఎక్కువైన ఆటల్లో అధికారం స్థిరంగా ఉండదు. ‘రోబ్లాక్స్’లో బిగించని వస్తువు దగ్గరికి ఆటగాడు వస్తే దాని కదలికల లెక్కను సర్వర్ సాధారణంగా అతని యంత్రానికి అప్పగిస్తుంది. బండి నడిపేవాడికి ఇది హాయి. కానీ ఆ బండిని గాలిలో ఎగరేసే మోసగాడికీ ఇదే తలుపు. అందుకే ఆ లెక్క ఏ యంత్రానిదో ఆట తయారుచేసేవారే నిర్ణయించే వీలుంది. 2018 నుంచి క్లయింట్ సొంతంగా చేసే ఇతర మార్పులు మిగతావారికి చేరకుండా ఆపడం అన్ని రోబ్లాక్స్ ఆటల్లోనూ తప్పనిసరైంది.

నెట్‌వర్క్ ప్రోగ్రామర్ గ్లెన్ ఫీడ్లర్ 2018లో వర్చువల్ రియాలిటీ కోసం చేసిన నమూనాలో ఒకరు విసిరిన ఘనం తాకిన ఘనాల మీద కూడా అధికారం విసిరినవారికే పోతుంది. అవి కదలడం ఆగాక అది ఆతిథ్య యంత్రానికి తిరిగి చేరుతుంది. 2024లో యూనిటీ 6 అనే ఆటల ఇంజిన్ ఇలాంటి పంపకాన్ని తన సొంత సదుపాయంగా చేర్చింది. పోటీ ఆటలు మాత్రం నేటికీ సర్వర్ తీర్పు, క్లయింట్ ఊహ అన్న 1996 నాటి ఏర్పాటు మీదే ఎక్కువగా నడుస్తున్నాయి.