ఆకాశపాఠములు – పల్లెబడులు

ఉపాధ్యాయుడు చేరలేని పల్లెకు యంత్రసాధనముతో పాఠమును చేర్చవలెనను ఆశయము భారతదేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. డాక్టరు విక్రం సారాభాయి ప్రేరణతో 1969లోనే మన అణుశక్తి శాఖకును అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఇందులకై ఒడంబడిక కుదిరెను. 1971లో సారాభాయి దివంగతులైనను ఆ సంకల్పము ఆగలేదు.

1975 ఆగస్టు 1వ తేదీన 'సైట్' అను పేర ఉపగ్రహ దూరదర్శన ప్రయోగము ఆరంభమయ్యెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు ఇందు చేరినవి. కోళ్లగూళ్లకు వాడు తీగవలను గొడుగువలె అమర్చి, ఉపగ్రహము నుండి నేరుగా ప్రసారములను అందుకొనిరి. ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు వచ్చుచుండెను. హిందీ, కన్నడ, ఒరియా భాషలతోపాటు తెలుగునకును స్థానము లభించినది. పట్టణమునైనను చూడని పిల్లలు తమ భాషలోనే లోకపు వింతలను చూడగలిగిరి.

అయినను పరిమితులు తొలినాడే కానవచ్చెను. నాలుగు భాషలు కాలమును పంచుకొనవలసి వచ్చుటచే, ఒక్కొక్క భాషలోని బడిపాఠము దినమునకు ఇరువదిరెండున్నర నిమిషములకు మించలేదు. అర్థము కానిచో మరల చెప్పుమని అడుగుటకు పెట్టెకు చెవులు లేవు. అన్నిటికంటె ముఖ్యముగా, ఏ.టి.ఎస్.-6 అను ఆ ఉపగ్రహము మనది కాదు. 'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్న సామెత చొప్పున, 1976 జూలై 31వ తేదీతో ఏడాది గడువు తీరి అది మరలిపోయెను. ఆ ఏడాదిలో సుమారు 48,000 మంది ప్రాథమికోపాధ్యాయులు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ పొందిరి. ఉపగ్రహము వెళ్లినను వారు బడులలోనే ఉండిరి. ఈ ప్రయోగము మిగిల్చిన స్థిరాస్తి ఇదియే యనవచ్చును.

పిమ్మట కంప్యూటరుల యుగము వచ్చినది. 1984లో ఆరంభమైన 'క్లాస్' పథకము క్రింద సుమారు 250 పాఠశాలలకు బ్రిటన్ దేశపు బి.బి.సి. మైక్రో యంత్రములు చేరెను. యంత్రముతోపాటు భాషయు పరదేశపుదే యగుటచే, ఇంగ్లీషు రాని విద్యార్థికి అవి దూరపు కొండలే అయ్యెను.

ఈ అనుభవము మన దేశమునకే పరిమితము కాదు. నికొలస్ నెగ్రోపాంటె 2005లో నూరు డాలర్ల లాప్‌టాప్ ఆశయమును ప్రకటింపగా, దక్షిణ అమెరికాలోని పెరూ దేశము 8 లక్షలకు పైగా యంత్రములను పిల్లలకు పంచినది. అక్కడి 319 గ్రామీణ పాఠశాలలలో జరిగిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడెను. గణితమునందు గాని, భాషయందు గాని పరీక్షా ఫలితములు మెరుగుపడలేదని తేలినది. ఆలోచనాశక్తిలో మాత్రము కొంత వృద్ధి కానవచ్చెను. పనిముట్టు చేతికి వచ్చినంత మాత్రమున పనితనము రాదు గదా!

2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడినపుడు ఈ ప్రశ్న ప్రతి ఇంటిని తట్టెను. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము ఇంటర్నెట్ సౌకర్యము పట్టణ కుటుంబములలో 42 శాతమునకును, గ్రామ కుటుంబములలో సుమారు 15 శాతమునకును మాత్రమే కలదు. ఇంట ఒక్క ఫోనే యున్నచోట అన్నకు పాఠము వినబడినపుడు చెల్లెలికి వినబడలేదు. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పవలసివచ్చెను. నలువదియైదు సంవత్సరముల పిదప మరల టెలివిజనే పల్లెబిడ్డకు దిక్కైనది.

ఈ చరిత్రను చూచి యంత్రమును నిరసించుట తగదు. మంచి ఉపాధ్యాయుని పాఠమును వేయి గ్రామములకు వినిపించు శక్తి దానికి నిజముగా కలదు. కాని కొనుగోలు ఉత్తరువుపై సంతకము పడుటకు ముందే కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. పాఠము బిడ్డ మాట్లాడు భాషలో ఉన్నదా? చెడినపుడు బాగుచేయువాడు దగ్గరలో ఉన్నాడా? బిడ్డ సందేహము తీర్చుటకు సమర్థుడైన గురువు ఆ గదిలో ఉన్నాడా? వీనికి సమాధానము లేనినాడు యంత్రము బీరువాలో దుమ్ము పట్టును. వెనుకబడిన బిడ్డ మరింత వెనుకబడును.