రంగంలో పడక వంతు, ఫ్లోరిడాలో గది వంతు

వేసవి సెలవులు దగ్గరపడితే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరగడం మొదలవుతుంది. "డిస్నీలో గది మామూలు రేటుకి తీసుకుంటే వాచిపోతుంది, ఎవరిదో టైంషేర్ పాయింట్లు అద్దెకు తీసుకుంటే సగానికి సగం తగ్గుతుందంట, నిజమేనా?" అమెరికాలో ఉన్నవాళ్లు అమ్మానాన్నలు వచ్చినప్పుడు అడుగుతారు. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్నవాళ్లు, ఏడాదికోసారి దొరికే సెలవులో పిల్లలకు ఏదైనా చూపిద్దామని అడుగుతారు.

ఈ ఎపిసోడ్ రంగూన్ గురించి, అంటే ఇప్పటి యాంగోన్ గురించి. అయినా పాయింట్ల సంగతితోనే మొదలుపెడుతున్నాను. ఒకే గదికి చాలామంది డబ్బు కట్టి, ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు వాడుకోవడమే టైంషేర్ అయితే, ఆ పద్ధతి మన తెలుగువాళ్లకు డిస్నీ కంటే చాలా ముందే తెలుసు. వంద ఏళ్ల కిందట రంగూన్‌లో మనవాళ్లు వంతుల మీద వాడుకున్నది వారం రోజుల విడిది కాదు. నేల మీద మనిషి పడుకునేంత జాగా.

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పెద్దవాళ్లు రంగూన్ అనరు, "రంగం" అంటారు. "మా తాత రంగం పోయాడు" అంటే కూలికి సముద్రం దాటాడని. బర్మా వాళ్లేమో మనవాళ్లను "కొరంగీ" అనేవారు. కాకినాడ పక్కన గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు పేరు అది. 1839 నవంబరు తుపాను ఆ రేవును తుడిచిపెట్టేసింది. ఓడలు కాకినాడకు మారిపోయాయి. ఊరు పోయినా పేరు మాత్రం బంగాళాఖాతం దాటి, తెలుగు కూలీకి బిరుదులాగా, చాలాసార్లు తిట్టులాగా, అక్కడే ఉండిపోయింది.

కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, గోపాల్‌పూర్. ఈ రేవుల్లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఆగేవి. మనవాళ్లది డెక్ టికెట్, ఓడ పైభాగంలో చాప పరుచుకుని పడుకోవడమే. 1920ల చివరి సంవత్సరాల్లో ఏటా 3 నుంచి 4 లక్షల మంది భారతీయులు బర్మాలో దిగేవారు. దాదాపు అంతమందీ మళ్లీ వెళ్లిపోయేవారు కూడా. వలస మనుషుల రాకపోకల్లో రంగూన్ రేవును న్యూయార్క్‌తో పోల్చేవాళ్లు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో ఉన్నది సుమారు 4 లక్షల మంది, అందులో సగానికి పైగా భారతీయులు. బియ్యం మిల్లుల్లో, ఓడల మీద బస్తాల మోతలో, నదికి ఆవల డల్లాలోని ఇరావడీ ఫ్లోటిల్లా డాక్‌యార్డులో, రిక్షాల ముందు, ఎక్కడ ఒంటి కష్టం ఉందో అక్కడ తెలుగు వినపడేది.

ఇంతమంది ఎక్కడ పడుకునేవారు?

నదీ తీరాన స్ట్రాండ్ రోడ్డు, దానికి అడ్డంగా నంబర్లతో పిలిచే సన్నటి వీధులు. 1852 యుద్ధం తరువాత ఇంగ్లీషువాళ్లు గళ్ల కాగితం మీద గీసినట్టు వేసిన ఊరు అది. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు ఎక్కువ ఉన్న ఇళ్లు. గాలి వచ్చేది ముందు నుంచి, వెనక నుంచి మాత్రమే. మధ్యలో చీకటి. వీటిలో చాలా ఇళ్లు కూలీల లాడ్జింగ్ హౌసులు. మునిసిపాలిటీ లైసెన్సులో రాసిన మనుషుల సంఖ్య ఒకటి, లోపల పడుకునేవాళ్ల సంఖ్య వేరొకటి. మిల్లుల సీజన్లో పని రాత్రీపగలూ నడిచేది. పగలు పనికి పోయినవాడి జాగాలో రాత్రి పని చేసి వచ్చినవాడు వాలిపోయేవాడు. అదీ దొరకనివాళ్లు పేవ్‌మెంట్ మీదే. విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 1931 నివేదికలో రంగూన్ కూలీల ఇరుకు గురించి రాసింది. 1933లో వచ్చిన ఆండ్రూ గారి "ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్" అనే పుస్తకం కూడా ఈ బతుకుల గురించే. ఆయన ఊరికే చూసి రాసిన మనిషి కాదు, వలస కూలీల వ్యవహారాలు చూసే ఉద్యోగంలో పనిచేసినవాడు.

గల్ఫ్ క్యాంపుల్లో ఉన్న శ్రోతలకు దీని గురించి నేను వివరించనక్కర్లేదు. డే షిఫ్ట్ వాడు లేవగానే నైట్ షిఫ్ట్ వాడు పడుకునే మంచం ఎలా ఉంటుందో వాళ్లకే బాగా తెలుసు.

జాగా కన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. కాగితం ఎవరి పేరు మీద ఉండేది? మేస్త్రీ ఊళ్లోకి వచ్చి మనిషిని ఎంచుకునేవాడు. స్టీమర్ చార్జీ, ఇంట్లో పెట్టి వెళ్లడానికి కొంత డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి నోటు రాయించుకునేవాడు. రంగూన్‌లో పని చూపించేది అతనే, తల దాచుకునే చోటు చూపించేది అతనే. కంపెనీ ఇచ్చే కూలి డబ్బులు అతని చేతిలోంచే వచ్చేవి, కమిషనూ బాకీ పట్టుకోగా మిగిలింది. మేస్త్రీ మీద మరో పెద్ద మేస్త్రీ, అతని మీద కాంట్రాక్టరు. కూలీకి కంపెనీతో నేరుగా ఏ ఒప్పందమూ లేదు. పడుకునే చోటికి డబ్బు కడతాడు, రశీదు ఉండదు. పని మానేస్తే చోటు కూడా పోయినట్టే. రిక్షావాడిదీ ఇదే కథ. బండి యజమానిది, వాడు దాన్ని అద్దెకు తీసుకుని లాగాలి. సవారీ దొరికినా దొరక్కపోయినా అద్దె కట్టాల్సిందే.

ఈ లెక్కలో కుటుంబానికి చోటు లేదు. రంగూన్ తెలుగువాళ్లలో ఆడవాళ్లు చాలా తక్కువ. పడక వంతుల్లో భార్యాపిల్లల్ని ఎక్కడ పెడతాడు? పిల్లల్ని పెంచడం, ముసలివాళ్లను చూడడం, జబ్బు చేస్తే సాకడం, ఇవన్నీ సముద్రానికి ఇవతల ఊరి మీద పడ్డాయి. కంపెనీ కూలి కట్టింది ఒక ఒంటికే. బర్మా బియ్యం ప్రపంచం అంతటికీ చవగ్గా చేరడంలో శ్రీకాకుళం ఆడవాళ్ల ఖర్చు కూడా కలిసి ఉందని నా లెక్క. అది ఏ ఖాతాలోనూ రాయలేదు.

రంగూన్‌లో వినోదం లేదని కాదు. రాజ సరస్సులు, అంటే ఇప్పటి కండోజీ చెరువు పక్కన, 1906లో జంతు ప్రదర్శనశాల తెరిచారు. అది ఇప్పటికీ ఉంది, యాంగోన్ పిల్లలు ఇప్పటికీ వెళ్తారు. ఆనాటి తెలుగు కూలీ కూడా ఎప్పుడైనా ఒక ఆదివారం ఆ గేటు దాకా నడిచి ఉంటాడు. వెంట పిల్లలు ఉండరు, అంతే తేడా.

1930 మే నెలలో ఈ బతుకు ఎంత పలచటి నేల మీద ఉందో తెలిసిపోయింది. రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్లను పనిలోకి తీసుకున్నాయి. తరువాత తెలుగువాళ్లతో రాజీ కుదరగానే బర్మా వాళ్లను పొమ్మన్నాయి. మే 26న పనికి వచ్చి వెనక్కి తిరగాల్సి వచ్చినవాళ్లకూ, పనిలోకి తిరిగి వస్తున్నవాళ్లకూ మధ్య గొడవ మొదలై ఊరంతా పాకింది. అధికారుల లెక్కలోనే వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లు. వేలమంది పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. లాడ్జింగ్ హౌసులోకి మూక వస్తే, పది మందికి కట్టిన గదిలో ఉన్న అంతమంది ఎటు పారిపోగలరు? రేవులో కూలి ఎవరికి ఇవ్వాలో నిర్ణయించిన కంపెనీల వాళ్లకు మాత్రం దెబ్బ తగల్లేదు.

1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. 1942 మార్చికల్లా ఊరు జపాన్ చేతికి వెళ్లింది. లక్షలమంది కొండలూ అడవులూ నడిచి ఇండియాకు వచ్చారు, దారిలో ఎంతోమంది రాలిపోయారు. 1962లో నె విన్ సైన్యం అధికారం పట్టాక, 1964లో దుకాణాలు జాతీయం చేశాక, మిగిలినవాళ్లలో చాలామంది ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది, ఆటో ఎక్కి ఆ పేరు చెబితే తీసుకెళ్తారు.

ఇప్పుడు పాయింట్ల దగ్గరకు వద్దాం. రంగం కథకూ దీనికీ నేరుగా చుట్టరికం లేదు. 1963లో స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ అనే సంస్థ మొదలైంది. సభ్యులు వాటాలు కొని, సంస్థ విడిది ఇళ్లను వంతులవారీగా వాడుకోవడం దాని పద్ధతి. ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో హోటల్ గదిని వారాల లెక్కన అమ్మారు. 1974లో అమెరికాలో ఆర్‌సీఐ వచ్చి, ఒక చోటి వారాన్ని ఇంకో చోటి వారంతో మార్చుకునే వీలు కల్పించింది. 1991లో డిస్నీ వెకేషన్ క్లబ్ మొదలైనప్పుడు ఆ వారాల లెక్క తీసేసి పాయింట్లు పెట్టారు. మన దేశంలో 1986లో స్టెర్లింగ్, 1996లో మహీంద్రా హాలిడేస్ ఈ దారి పట్టాయి.

డిస్నీ పద్ధతి ఇలా ఉంటుంది. సభ్యుడు ఒక రిసార్టులో ఏటా ఇన్ని పాయింట్లు అని కొంటాడు. ఒప్పందానికి గడువు తేదీ ఉంటుంది, మొదట్లో అమ్మిన వాటికి 2042 జనవరి 31. ఏటా నిర్వహణ రుసుము కట్టాలి, వెళ్లినా వెళ్లకపోయినా. గది సైజుని బట్టి, సీజన్‌ని బట్టి రాత్రికి ఇన్ని పాయింట్లు పోతాయి. తను కొన్న రిసార్టులో 11 నెలల ముందు నుంచి, మిగతా చోట్ల 7 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. ఈ ఏటి పాయింట్లు వచ్చే ఏటికి దాచుకోవచ్చు, వచ్చే ఏటివి ముందే వాడుకోవచ్చు. ఒక ఏడాది వెళ్లలేని సభ్యుడు పాయింట్లు వృథా పోనివ్వకుండా ఇంకొకరికి అద్దెకు ఇస్తాడు. వ్యాపారంగా అద్దెకు ఇవ్వడానికి ఒప్పందం ఒప్పుకోదు, అప్పుడప్పుడూ సొంతంగా ఇచ్చుకోవడం వేరు. అందుకే ఒకే మనిషి పదుల కొద్దీ గదులు అద్దెకు పెడుతున్నాడంటే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

గది మంచిదే దొరుకుతుంది, అందులో అబద్ధం లేదు. ఒక బెడ్‌రూం విల్లా అయితే వంటగది ఉంటుంది, అమ్మ చేతి పప్పుచారు ఫ్లోరిడాలోనూ కాచుకోవచ్చు. అయితే డబ్బు కట్టేది మీరు, బుకింగ్ నడిపేది ఓనరు. తేదీ మార్చాలన్నా, రద్దు చేయాలన్నా ఆయనే చేయాలి. మీరు ఫోన్ చేస్తే "సభ్యుణ్ణి మాట్లాడమనండి" అంటారు. ఆయన వార్షిక రుసుము బాకీ పడితే ఇబ్బంది మీ గదికి వస్తుంది. కట్టిన డబ్బు మామూలుగా వెనక్కి రాదు. వీసా రాకపోయినా, కంపెనీ సెలవు ఇవ్వకపోయినా అది మీ నష్టమే. పార్కు టికెట్లు ఇందులో ఉండవు, అవి విడిగా కొనాలి. అందుకని డబ్బు మొత్తం ఒకేసారి పంపకండి. మీ పేరుతో, మీతో వచ్చేవాళ్లందరి పేర్లతో బుకింగ్ నంబరు వచ్చాక, అది రిసార్టులో నిజంగా నమోదైందని చూసుకున్నాక మిగతాది కట్టండి. రద్దయితే ఏమిటి అన్నది రాతలో తీసుకోండి. మధ్యవర్తి ద్వారా అయితే డబ్బు ఎవరి దగ్గర ఎప్పటిదాకా ఆగుతుందో ముందే అడగండి. వీసా చేతికి రాకముందు బుక్ చేయకపోవడమే నా సలహా.

రంగంలో పడుకున్నవాడికి రశీదు లేదు, మేస్త్రీని అడిగే నోరూ లేదు. మీకు అడగడానికి నోరుంది, రాయించుకోవడానికి ఈమెయిల్ ఉంది. వాడుకోండి.

ఇంకా ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే వినేవాళ్లలో అందరూ ఈ గదుల దాకా రాలేరు. యూఏఈలో భార్యాపిల్లలకు వీసా పెట్టాలంటే నెలకు 4 వేల దిర్హాముల జీతం ఉండాలి, లేదంటే 3 వేలతో పాటు కంపెనీ వసతి ఉండాలి. ఆ గీతకు కింద ఉన్నవాడికి కుటుంబం అంటే ఇప్పటికీ ఫోన్ స్క్రీనే. అలాంటివాళ్లకు నేను చెప్పేది, ఫ్లోరిడా వద్దు, ఊరికి వెళ్లిన సెలవులో రెండు రోజులు పిల్లలతో హైదరాబాద్ వండర్లాకో, విశాఖ బీచికో వెళ్లి రండి. పాయింట్లు అక్కర్లేదు, మధ్యలో ఓనరూ ఉండడు.

వచ్చే ఎపిసోడ్‌లో 1942 నడక గురించి చెబుతాను. మీ ఇంట్లో రంగం వెళ్లినవాళ్ల తాలూకు స్టీమర్ టికెట్టు, మేస్త్రీ నోటు, బర్మా టేకు పెట్టె, ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపండి. నోటు మీద ఎవరి సంతకం ఉందో కనపడేలా తీయండి.