ఊక పొయ్యి: పొగ ఎక్కడిది, గాలి ఎటు పోయింది

ఊక పొయ్యి అంటే రేకుతో చేసిన గుండ్రటి డబ్బా. అడుగున పక్కగా ఒక కన్నం, పైన గిన్నె నిలవడానికి మూడు బొడిపెలు. కన్నంలోంచి అడ్డంగా ఒక కర్ర, పైనుంచి నిలువుగా మరో కర్రో సీసానో పెట్టి, రెండూ లోపల కలిసేలా చూసి, చుట్టూ ఊక పోసి దట్టిస్తారు. ఆ తర్వాత కర్రలను మెల్లగా తిప్పుతూ లాగేస్తే ఊక మధ్యలో సొరంగం మిగులుతుంది. కింద చితుకులు అంటిస్తే నిప్పు సొరంగం గోడను పట్టుకుని లోపలినుంచి అంచుల వైపు కాలుతూ పోతుంది. వేడెక్కి పైకి లేచే గాలే కిందినుంచి కొత్త గాలిని లాక్కుంటుంది. రంపపు పొట్టుకూ ఇదే అమరిక కాబట్టి పొట్టు పొయ్యి అనే పేరూ ఉంది.

ఇలాంటి పొయ్యికి ముందు ఊక గుట్టలుగా దొరకాలి. రోకటితో దంచుకునే ఇంట్లో రోజుకు మిగిలే ఊక ఎంతని! ఆ గుట్టలు మిల్లులతోనే వచ్చాయి. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను వరి మాగాణిగా మార్చింది. గోదావరి కాలువ, కృష్ణా కాలువ కలిసే ఏలూరు, రైలు దారిలో ఉన్న తాడేపల్లిగూడెం ధాన్యానికీ బియ్యానికీ వ్యాపార కేంద్రాలయ్యాయి. క్వింటాలు ధాన్యం ఆడితే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. సార్వా, దాళ్వా పంటలప్పుడు మిల్లుల వెనక కొండల్లా పేరుకునేది అదే. అడవి దూరమైన పల్లపు సీమలో, పిడకలూ కిక్కిస గడ్డీ పొయ్యిలోకి పోయే కొల్లేరు సరస్సు లంకల్లో, అది తేలిగ్గా కొట్టిపారేసే సరుకు కాదు.

పొయ్యి తీరు మాత్రం మిల్లును బట్టే ఉండేది. పాత హల్లర్ మిల్లులో ఊక ముక్కలై తవుడుతో కలిసి వచ్చేది. అది గట్టిగా అణిగేది, సొరంగం నిలిచేది. కాని తవుడులోని నూనె రోజుల్లోనే ముక్కిపోతుంది కాబట్టి అలాంటి ఊక కాలినప్పుడు మాడు కంపు కొట్టేది. బియ్యపు మిల్లుల నియంత్రణ చట్టం 1958లో వచ్చింది; తర్వాత దాన్ని సవరించాక రబ్బరు రోలర్ల మిల్లులు పెరిగాయి. వీటిలో ఊక విడిగా, చిన్న పడవల్లాంటి డొప్పలుగా వస్తుంది. కంపు తగ్గింది. అయితే ఈ ఊక ఎంత దట్టించినా సందులు వదులుతుంది. ఆ సందుల్లోంచి గాలి దొంగదారి పట్టి, మంట రావలసిన చోట డబ్బా అంతా కుములుతుంది. శుభ్రమైన ఊకతో పొయ్యి మెరుగవుతుందనుకుంటే సరిపోదన్నమాట.

పొగ రంగు, అది వచ్చే చోటు చూస్తే సగం రోగం తెలుస్తుంది. మొదలుపెట్టిన కాసేపటికీ చిక్కటి తెల్లపొగ తగ్గకపోతే ఊక తడిసినట్టు. బుడమేరు, తమ్మిలేరు వాగులు పొంగి కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా లాగని వానాకాలంలో అక్కడి ఊళ్లలో ఊక బూజు వాసన పట్టడం మామూలే. ఎండబోయకుండా వాడితే పుట్టిన వేడంతా ఊకలోని తడిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. పొగ కింది కన్నంలోంచి వెనక్కి తంతే పైదారి మూసుకున్నట్టు: గిన్నె అడుగు డబ్బా అంచుకు ఆనిపోయిందో, బొడిపెలు అరిగాయో చూడాలి. బాగా మండి మధ్యలో ఆరితే సొరంగం కూలిందనో, బూడిద కన్నానికి అడ్డుపడిందనో అర్థం.

అన్నిటికన్నా మొండి సమస్య ఆ బూడిదే. కట్టె కాలితే వందకు ఒకటి రెండు వంతులు బూడిద మిగిలితే, ఊకలో దాదాపు ఐదో వంతు మిగులుతుంది. అందులో అత్యధిక భాగం సిలికా కావడంతో ఊక ఆకారం చెదరకుండా గోడకే అంటుకుని వెనక ఉన్న ఊకకు గాలి అందనివ్వదు. డబ్బాను పక్కనుంచి మెల్లగా తట్టి, కింద రాలినదాన్ని పుల్లతో లాగెయ్యడం తప్ప మందు లేదు. గట్టిగా కుదిపితే సొరంగమే పోతుంది.

పొగను గొట్టంతో బయటికి పంపే ప్రయత్నం హైదరాబాదులో జరిగింది. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం, గాలిని అదుపు చేసే రేకు మూత ఉన్న మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం ప్రచురించాడు. అది కట్టెల పొయ్యి. డబ్బా పొయ్యికి గొట్టం లేదు కాబట్టి కిటికీలేని గదిలో అది ప్రమాదకరమే. వంటయ్యాక కుములుతున్న ఊక వాసన పెద్దగా రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. పొయ్యిని వాకిట్లో పెట్టడమే సరైన పని.

గాలి, బూడిద చిక్కులు ఈ డబ్బాకే పరిమితం కావు. 1980లలో అమెరికా ఇళ్లలోకి వచ్చిన, రంపపు పొట్టు గుళికలను కాల్చే పెల్లెట్ స్టవ్ గాలి పనిని ఫ్యానుకు అప్పగించింది. కరెంటు పోతే ఫ్యాను ఆగి, పొగ గదిలోకి రావచ్చు. బూడిద పేరుకుంటే దాని గాలి రంధ్రాలూ మూసుకుంటాయి.

1999లో మొదలైన ప్రభుత్వ దీపం పథకం డెల్టాలోనూ ఇళ్లకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. మరోవైపు ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లు, ఊకతో నడిచే విద్యుత్ కేంద్రాలు, ఇటుక బట్టీలు ఊకను కొనడం మొదలుపెట్టాయి. మిల్లు వెనక గుట్టకు ధర పలకడంతో డబ్బా పొయ్యి వంటింటికి దూరమైంది. బాయిలర్లలో గాలిని ఫ్యాన్లు తోస్తాయి, పొగను ఎత్తైన గొట్టం తీసుకుపోతుంది. బూడిదను మాత్రం అక్కడా ఎప్పటికప్పుడు తీసి పారబోయవలసిందే.