పొరలు పేర్చిన కుండ: మాంసము, ఆలుగడ్డ, ఆవిరి

ఒకే దుంపకు తెలుగువారు మూడు పేర్లు పెట్టిరి. కోస్తా జిల్లాలలో అది బంగాళాదుంప. రాయలసీమలో ఉర్లగడ్డ. తెలంగాణములో ఆలుగడ్డ. మొదటి పేరు వంగదేశమును తలపించుచున్నది. రెండవది తమిళమునకు దగ్గర. మూడవది హిందుస్తానీ బజారు మాట. సంస్కృతములో ‘ఆలుకము’ అను మాట పూర్వము వేరే దుంపలకు చెల్లుచుండెను. కొత్త దుంప వచ్చి ఆ పాత పేరును తన వశము చేసికొన్నది. ఈ విధముగా ఒక కూరగాయ మన దేశములో నడచిన బాటలు దాని పేర్లలోనే నిలిచియున్నవి.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో మాంసముతో ఆలుగడ్డ కలిపి వండుట సామాన్యము. పదిమంది కూర్చుండి తినవలసినప్పుడు వంటగాడు వెడల్పయిన గిన్నెలో అడుగున మసాలా పట్టించిన మాంసమును పరచి, దానిపై వేయించిన ఉల్లిని, పుదీనాను చల్లి, ఆపైన ఆలుగడ్డ చెక్కలను పేర్చి, మూత పెట్టి, అంచు చుట్టును గోధుమపిండి ముద్దతో మూసివేయును. పిదప సన్నని సెగపై గంటకు పైగా దానిని కదలింపడు.

ఇందు ఒక చిక్కు ప్రశ్న కలదు. ముదురు మాంసము మెత్తబడుటకు గంట, గంటన్నర పట్టును. ఆలుగడ్డ చెక్క నీటిలో ఇరువది నిమిషములలో ఉడికిపోవును. రెండును ఒకే కుండలో ఒకే నిప్పుపై పెట్టినప్పుడు, మాంసము పచ్చిగా మిగులకుండ, దుంప చిదికిపోకుండ, రెండును ఒక్కసారే పాకమునకు వచ్చుట ఎట్లు? ఈ వంటకపు చరిత్ర అంతయు ఈ ప్రశ్నకు మనుష్యులు కనుగొన్న సమాధానమే.

దుంప వచ్చిన దారి

ఆలుగడ్డకు పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు. టిటికాకా సరస్సు పరిసరములలో అచటి జనులు వేల సంవత్సరముల క్రిందటనే దీనిని సాగునకు తెచ్చిరి. 16వ శతాబ్ది ఉత్తరార్ధములో స్పెయిన్ దేశీయుల ఓడలలో ఇది యూరప్ చేరెను. భారతదేశమునకు పోర్చుగీసు వర్తకుల ద్వారా పడమటి తీరమున దిగినదని చరిత్రకారుల అభిప్రాయము. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్దిలోను ఆంగ్లేయులు దీని సాగును వంగదేశములోను, కొండ ప్రాంతములలోను ప్రోత్సహించిరి. బంగాళాదుంప అను పేరు ఈ ఘట్టమును సూచించుచున్నది.

ఇది చలిని కోరు పంట. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగువగా ఉన్నప్పుడే భూమిలోని కాండపు కొనలు చక్కగా ఊరి దుంపలగును. రాత్రులు వెచ్చనైనచో మొక్క ఏపుగా పెరుగునే గాని దుంప పట్టదు. తెలంగాణములో ఈ పంటకు పేరుపొందిన చోటు సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతము. అచట భూమి ఎత్తుగా ఉండును. సమీపమున గల కోహీరు రాష్ట్రములో చలికాలపు అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదగు చోట్లలో ఒకటి. చలిలో నాటి, ఎండలు ముదురక ముందే త్రవ్వితీయు పంట కనుక రైతునకు గడువు చాల తక్కువ.

విత్తనపు దుంపలో వైరసు తెగులు లేకుండుట మరొక అవసరము. ఆ తెగులును మోయునది పేనుబంక అను చిన్న పురుగు. ఉత్తర మైదానములలో శీతకాలమున ఈ పురుగు తక్కువగా ఉండు వారములను కనిపెట్టి, ఆ వ్యవధిలోనే విత్తనపు పంట తీయు పద్ధతిని 1959లో పుష్కరనాథ్ రూపొందించెను. కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై, 1956లో సిమ్లాకు తరలెను. బజారులో అగ్గువకు దొరకు దుంప వెనుక ఇంత శాస్త్రము కలదు.

దమ్ము అనగా ఊపిరి

పారశీకములో ‘దమ్’ అనగా ఊపిరి. ‘పుఖ్త్’ అనగా వండినది. దమ్‌పుఖ్త్ అనగా తన ఊపిరిలో తానే ఉడికినదని భావము. తెలుగువారికి ‘దమ్ము’ అను మాట కొత్త కాదు.

ఈ వంట పుట్టుకను గూర్చి ఒక కథ ప్రచారములో ఉన్నది. 1784 ప్రాంతమున అయోధ్య నవాబు ఆసఫుద్దౌలా, కరవు కాలములో ప్రజలకు పని కల్పించుటకై లక్నోలో పెద్ద ఇమాంబాడా కట్టించెనట. కూలీల కొరకు పెద్ద పాత్రలలో ఆహారమును మూసి రాత్రింబవళ్లు వెచ్చగా ఉంచిరట. ఒకనాడు నవాబు ఆ వాసనకు ముగ్ధుడై ఆ వంటను తన వంటశాలకు రప్పించెనట. కథ ఇంపైనదే. కాని 16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ రచించిన ‘ఐనీ అక్బరీ’లోని వంటకముల పట్టికలో దమ్‌పుఖ్త్ అప్పటికే ఉన్నది. మాంసము, నెయ్యి, ఉల్లి, అల్లము, మిరియాలు, లవంగములు, ఏలకులు అందలి దినుసులు. అనగా లక్నో కథకు దాదాపు రెండు వందల ఏండ్ల ముందే ఈ వంట తెలిసియుండెను. ఆ పట్టికలో ఆలుగడ్డ మాత్రము లేదు, మిరపకాయయు లేదు. ఆ రెండును అమెరికా నుండి వచ్చి తరువాత చేరినవే.

హైదరాబాదు కచ్చి బిర్యానిలో పచ్చిమాంసముపై సగము ఉడికిన బియ్యమును పొరగా వేయుదురు. కలకత్తా బిర్యానిలో ఆలుగడ్డ తప్పనిసరి. 1856లో రాజ్యము కోల్పోయిన అయోధ్య నవాబు వాజిద్ అలీ షా కలకత్తాలోని మటియాబుర్జులో స్థిరపడెను. ఆయన వెంట వంటగాండ్రును పోయిరి. మాంసపు ఖర్చు తగ్గించుటకు దుంపను చేర్చిరని కొందరు, ఆనాడు దుంపయే వింత వస్తువు కనుక చేర్చిరని మరికొందరు చెప్పుదురు. కారణమేదైనను దుంప చేయు పని ఒక్కటే: మాంసము విడిచిన రసమును పీల్చుకొని తాను రుచి తేలును, కొద్ది మాంసమును ఎక్కువమందికి సరిపెట్టును.

వేరు దేశములలో అదే ఉపాయము

ఫ్రాన్సు తూర్పు అంచున ఆల్సేస్ అను సీమ కలదు. అచట ‘బెకెయోఫ్’ అను వంటకము ప్రసిద్ధము. రొట్టెలవాని పొయ్యి అని ఆ పేరునకు అర్థము. మాంసపు ముక్కలను ద్రాక్షసారాయములో రాత్రంతయు నానబెట్టి, మట్టి పాత్రలో ఆలుగడ్డ చెక్కలతో, ఉల్లితో పొరలుగా పేర్చి, మూత అంచును పిండిముద్దతో మూయుదురు. సోమవారము బట్టలుతుకు దినము. వంటకు తీరిక లేని గృహిణులు పాత్రను రొట్టెలవానికి అప్పగించి పోవుచుండిరనియు, రొట్టెలు కాల్చిన పిమ్మట మిగిలిన వేడిలో అది మెల్లగా ఉడికెడిదనియు అచటివారు చెప్పుదురు. మన వంటగాడు పెరుగులో నానబెట్టును, వారు ద్రాక్షసారాయములో. పిండిముద్ద మాత్రము ఒకటే.

ఇంగ్లండులో నూలుమిల్లులకు పేరుపొందిన లాంకషైర్ సీమలో ‘హాట్‌పాట్’ అను వంటకము కలదు. అడుగున గొర్రె మాంసము, ఉల్లి. పైన పెంకుల ఇంటి కప్పువలె ఒకదానిపై ఒకటి కొంచెము కప్పునట్లు పేర్చిన ఆలుగడ్డ చెక్కలు. దీనిని సన్నని వేడిపై గంటల కొలది ఉంచుదురు.

అల్ప ఉష్ణముతో మాంసము మెత్తబడునని శాస్త్రజ్ఞులు గుర్తించిన తీరు వినోదకరమైనది. 18వ శతాబ్ది చివర రంఫర్డ్ ప్రభువు మ్యూనిక్ నగరములో బీదలకు బార్లీ, బఠానీ, ఆలుగడ్డలతో చవుక చారు కాయించెను. ఉష్ణమును గూర్చి గొప్ప పరిశోధనలు చేసినవాడితడే. ఆలుగడ్డలను ఎండబెట్టుటకు ఇతడు చేసిన యంత్రములో ఒకసారి మాంసమును పెట్టి చూచెను. కొన్ని గంటలకును ఉడకలేదని దానిని అందే వదలివేయగా, మరునాటి ఉదయమునకు అది చక్కగా ఉడికియుండెను. వంటగాండ్రు తరతరములుగా ఎరిగిన సంగతి ఆనాడు ప్రయోగశాలకు తెలిసెను.

మూతక్రింద జరుగునది

మాంసపు కండల పోగులను కట్టియుంచు పదార్థము కొల్లాజెన్. సుమారు 70 డిగ్రీలు దాటిన తరువాత, నీటి సమక్షములో, ఇది నెమ్మదిగా జెలటిన్‌గా మారును. ఈ మార్పునకు కావలసినది పెద్ద మంట కాదు, కాలము. మంట పెంచినచో పోగులు ముడుచుకొని రసమును పిండివేయును, మాంసము గట్టిపడును. పచ్చి బొప్పాయిని నూరి పట్టించుటలోని రహస్యము పపేయిన్ అను ఎంజైము. ఇది 60, 70 డిగ్రీల నడుమ చురుకుగా పనిచేసి, వేడి హెచ్చగా నశించును. ఎక్కువ వేసినచో మాంసము పైపొర పిండివలె చెడును.

దుంప సంగతి వేరు. అందలి పిండి పదార్థము 60 డిగ్రీలు దాటగానే నీరు పీల్చి ఉబ్బును. అయినను దుంప మెత్తబడవలెనన్న కణములను అతికించు పెక్టిన్ కరగవలెను. ఆమ్లము ఉన్నచోట పెక్టిన్ త్వరగా కరగదు. పుల్లని పులుసులో వేసిన పచ్చి దుంప ఎంతసేపటికిని గట్టిగా ఉండుటకు కారణమిదే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము తెలియుచున్నది. అడుగున నిప్పునకు దగ్గరగా ఉన్న మాంసము ముందు వేడెక్కును. ఆవిరి పైపొరను చేరుటకు ఆలస్యమగును. కనుక దుంప వంట ఆలస్యముగా మొదలగును. పైకి ఎగయు రసములోని పులుపు కొంత తగిలి దుంప చెక్క చిదికిపోకుండ కాపాడును. పులుపు మరీ ఎక్కువైనచో చెక్కలను ముందుగా కొంచెము వేయించి పెట్టవలెను. పొరలు అలంకారము కొరకు కావు. అవి కాలమును పంచిపెట్టు ఏర్పాటు.

పిండిముద్ద పీడనమును పెంచునని కొందరు అనుకొందురు. అది పొరపాటు. పటాన్‌చెరు సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. అచట నీరు 98 డిగ్రీల వద్దనే మరుగును. పిండితో మూసిన కుండలోను ఉష్ణోగ్రత దాదాపు అంతే. పిండిముద్ద చేయునది ఆవిరిని పోనీయకుండుట. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 540 కేలరీల గుప్తోష్ణము కావలెను. ఆవిరి బయటకు పోయినచో ఆ ఉష్ణమంతయు పోయినట్లే. మూతకు తగిలి మరల నీరై రాలినచో ఆ ఉష్ణము మూతకును, కుండలోని పదార్థములకును దక్కును. కట్టె కరవైనచోట ఇది చిన్న లాభము కాదు.

పారిశ్రామిక సీమలో

ఆవిరిని నిజముగా బంధించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్. 1679లో ఇతడు చేసిన గట్టి మూత పాత్రలో ఎముకలు సైతము మెత్తబడెను. పాత్ర పగులకుండుటకు ఇతడే రక్షక కవాటమును అమర్చెను. నేటి ప్రెషర్ కుక్కరునకు అదియే మూలపురుషుడు. కుక్కరులో ఉష్ణోగ్రత 120 డిగ్రీల దగ్గరకు పోవును. గంట పని పావుగంటలో తీరును. కాని అందు మాంసమును, దుంపను ఒకేసారి వేసినచో దుంప చిదికిపోవును. వేగమునకు చెల్లించు వెల అది.

1960 దశకములో రామచంద్రాపురమున భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము వెలసెను. ఆవిరి పీడనముతో తిరుగు టర్బైనులు అందు తయారగును. 1970 తరువాత పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము పారిశ్రామిక వాడలు విస్తరించెను. బీహారు, ఒడిషా, వంగదేశము మొదలైన చోట్ల నుండి కార్మికులు వచ్చిరి. వీరిలో పలువురు ఒక గది, ఒక పొయ్యి, ఒక పాత్ర ఉమ్మడిగా వాడుకొందురు. ఆలుగడ్డ వారందరికిని తెలిసిన కూర. ‘ఆలు’ అను మాట వారందరికిని అర్థమగును. 250 మందికి పైగా కార్మికులు గల కర్మాగారములలో భోజనశాల నెలకొల్పునట్లు 1948 నాటి కర్మాగారముల చట్టము ప్రభుత్వమునకు అధికారమిచ్చెను. వందలమందికి ఒక్కచోట వండుట నేటి మాట కాదు. ఇమాంబాడా కథలోని కూలీల వంటయు అట్టిదే.

పెద్దకుండలోని అపాయము

పెద్ద పాత్రకు ఒక గుణము కలదు. కొలతలన్నియు రెట్టింపు చేసినచో పాత్ర ఉపరితలము నాలుగు రెట్లు, ఘనపరిమాణము ఎనిమిది రెట్లు అగును. అందువలన పెద్దకుండ ఆలస్యముగా చల్లారును. వడ్డించువరకు ఇది మేలే. మిగిలిన కూర విషయములో కీడు. క్లాస్ట్రీడియమ్ పెర్ఫ్రింజెన్స్ అను సూక్ష్మజీవి బీజములు మరుగు వేడికిని చావవు. మూతపెట్టిన మాంసము గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నచో అవి మొలకెత్తి వేగముగా వృద్ధియగును. విందు మరునాడు పదులమందికి కడుపునొప్పి, విరేచనములు వచ్చుటకు ఇది ఒక ముఖ్య కారణము. కూరను 60 డిగ్రీలకు పైగా వేడిగా ఉంచవలెను. లేదా వెడల్పు పళ్లెములలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి, శీతల పేటికలో దాచవలెను. పచ్చబడిన ఆలుగడ్డను ఏరివేయవలెను. అందలి సోలనిన్ అను విషము ఉడికించినను పోదు.

పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. సమానముగా కోసిన ఆలుగడ్డ చెక్కలను ఒక గిన్నెలో మంచినీటితోను, మరొక గిన్నెలో చింతపండు పులుసుతోను ఉడికించి, ఐదేసి నిమిషములకు ఒకసారి పుల్లతో గుచ్చి చూడవలెను. ఏది ముందు మెత్తబడినదో వ్రాసికొన్నచో, పెక్టిన్, ఆమ్లముల సంబంధము పుస్తకము లేకయే బోధపడును.

నవాబుల పేర్లు, ప్రభువుల పేర్లు చరిత్రలో నిలిచినవి. మాంసము అడుగున, దుంప పైన ఉండవలెనని మొట్టమొదట కనిపెట్టిన వంటగాని పేరు, బట్టలుతుక బోవుచు పాత్రను రొట్టెలవానికి అప్పగించిన గృహిణి పేరు ఎక్కడను లేవు. పొయ్యి కొంచెమై, పని చాలయై, తినవలసినవారు పలువురైనచోట వారు ఉష్ణమును పొదుపు చేయు ఉపాయము నేర్చిరి. చూచి, మార్చి, మరల చూచి నేర్చిన ఆ జ్ఞానమును శాస్త్రమని పిలుచుటకు సందేహింప పనిలేదు.