భద్రాచలం రోడ్ రైల్వే స్టేషను

భద్రాచలం రోడ్ రైల్వే స్టేషను తెలంగాణ రాష్ట్రంలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కేంద్రమైన కొత్తగూడెం పట్టణంలో ఉన్నది. ఇది దక్షిణ మధ్య రైల్వే, సికింద్రాబాదు డివిజను పరిధిలోనిది. పేరులో భద్రాచలం ఉన్నప్పటికీ, ఆ పుణ్యక్షేత్రం ఇక్కడికి రోడ్డు మార్గాన సుమారు 40 కి.మీ. దూరంలో, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్నది. భద్రాచలం పట్టణానికి నేటికీ రైలు మార్గం లేదు.

చరిత్ర

ఈ ప్రాంతానికి రైలు మార్గం ప్రధానంగా బొగ్గు రవాణా నిమిత్తం వచ్చింది. 1871లో విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గు నిల్వలను కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. కాజీపేట - విజయవాడ మార్గంలోని డోర్నకల్ జంక్షను వద్ద చీలే శాఖ కారేపల్లి మీదుగా కొత్తగూడెం చేరి, అక్కడి నుండి మణుగూరు వరకు సాగుతుంది.

భద్రాచలానికి ప్రయాణం

ఈ స్టేషనులో దిగిన యాత్రికులు బస్సులో పాల్వంచ, సారపాక మీదుగా వెళ్ళి, వంతెనపై గోదావరి దాటి భద్రాచలం చేరుకుంటారు. పాల్వంచ సమీపాన కిన్నెరసాని అభయారణ్యం ఉన్నది. టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లు గల ఈ అడవులలో కోయ గిరిజనుల గ్రామాలు ఉన్నాయి. భద్రాచలం వద్ద గోదావరిపై తొలి వంతెన 1965లో ప్రారంభమైంది. అంతకు పూర్వం పడవలపై నదిని దాటేవారు. 1986 ఆగస్టులో ఇక్కడ వరద 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటగా వంతెనపై రాకపోకలు నిలిపివేశారు.

వేగవంతమైన రైలు

సికింద్రాబాదు - విశాఖపట్నం వందే భారత్ ఎక్స్‌ప్రెస్ 2023 జనవరి 15న ప్రారంభమైంది. ఇది ఖమ్మంలో ఆగుతుంది, కానీ కొత్తగూడెం శాఖలోకి రాదు. ఖమ్మంలో దిగినవారు భద్రాచలం చేరడానికి రోడ్డుపై ఇంకా సుమారు 120 కి.మీ. ప్రయాణించవలసి ఉంటుంది.

కొత్త మార్గం

ఒడిశాలోని మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173.61 కి.మీ. రైలు మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం రూ. 4,109 కోట్లు. పాండురంగాపురం మణుగూరు శాఖలోని స్టేషను. ఇది పూర్తయితే భద్రాచలానికి తొలిసారిగా రైలు వస్తుంది. యాత్రికులతో పాటు, వైద్యానికీ సంతలకూ భద్రాచలం వచ్చే సరిహద్దు మన్యం గ్రామాల ప్రజలకు కూడా ఇది ఉపయోగపడుతుంది.