బండిలోని నిప్పురవ్వ, రేడియోలోని గరగర

సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి రేడియోలో కచేరీ వినుచుండగా, వీధివెంట పాత పెట్రోలు బండి పోయినచో పాట నడుమ గరగరమను రొద చొరబడుట శ్రోతలు ఎరిగినదే. బండి మలుపు తిరుగగానే రొద అణగును. రెండవ ప్రపంచయుద్ధమునాటి సైనిక వాహనముల చరిత్రలో ఒక అధ్యాయము ఈ చిన్న చిరాకుతోనే ముడివడియున్నది.

పెట్రోలు ఇంజనులో ఇంధనమును అంటించునది విద్యుత్తు పుట్టించు నిప్పురవ్వ. బ్యాటరీలోని 6 వోల్టులను కాయిలు వేలకొలది వోల్టులకు పెంచును. డిస్ట్రిబ్యూటరు ఆ శక్తిని వంతులవారీగా ఒక్కొక్క స్పార్కు ప్లగ్గునకు అందించును. రవ్వ ఎగిరినపుడెల్ల రేడియో తరంగములును పుట్టును. 1888 నాటికి జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ ఆ తరంగముల ఉనికిని నిరూపించినది ఇట్టి రవ్వతోడనే. కావున ప్రతి పెట్రోలు బండియు తనకు తెలియకయే ఒక చిన్న ప్రసారకేంద్రము.

ఇంటిలో ఇది చిరాకు మాత్రమే. యుద్ధరంగమున అట్లు కాదు. సైనికుని రేడియో అతడు కూర్చున్న బండిలోనే ఉండెను. ఆ బండి రొదయే అతనికి అందవలసిన ఆజ్ఞను మ్రింగివేయగలదు. అందుచేత అమెరికా సైన్యము తన జీపులకును ట్రక్కులకును రొదను అణచు భాగములను అమర్చెను. ప్లగ్గు తీగలకు సప్రెసరులు, జనరేటరు వద్ద కండెన్సరు, బానెట్టును చట్రముతో కలుపు రాగితీగల అల్లిక పట్టీలు, రంగును గీరి లోహమునకు లోహమును తాకించు పండ్ల వాషర్లు అట్టివి. ఈ ఏర్పాటు సరిగా ఉన్నదని తేలిన బండికి బానెట్టుపై సంఖ్య చివర ‘ఎస్’ అను అక్షరము వ్రాసిరి.

నేడు అనేక దేశములలో ఔత్సాహికులు ఈ బండ్లను పూర్వరూపమునకు తెచ్చుచున్నారు. వారికి ఎదురగు చిక్కు ఏమనగా, ఈ పట్టీలును సప్రెసరులును లేకున్నను ఇంజను చక్కగా నడచును. అందువలననే యుద్ధానంతరము బండ్లు పౌరుల చేతికి వచ్చినపుడు ఇవి ఊడిపోయినను పట్టించుకొనువారు అరుదైరి. చేతికందిన డిస్ట్రిబ్యూటరుతోనే పని జరుపుకొనిరి.

అసలు భాగమును గుర్తించుటకు మొదట చూడవలసినది వోల్టేజి. 1941–45 నాటి జీపు 6 వోల్టులది. 1950 దశకారంభమున వచ్చిన ఎం-38 జీపు, ఎం-37 డాడ్జి ట్రక్కు 24 వోల్టులవి. వాటి డిస్ట్రిబ్యూటరు నీరు చొరకుండ మూయబడినది, తీగలు లోహకవచము గలవి. 6 వోల్టుల కాయిలును 24 వోల్టులకు తగిలించినచో మాడిపోవును. తారుమారు చేసినచో రవ్వ బలహీనమగును.

తరువాత చూడవలసినది భాగముపై గల పలక. విల్లీస్ జీపునకు తగినది ఆటోలైటు వారి ఐ.జి.సి.-4705 డిస్ట్రిబ్యూటరు. సైన్యము ప్రచురించిన విడిభాగముల జాబితాలలో జీపునకు జి-503, ముప్పాతిక టన్ను డాడ్జికి జి-502, రెండున్నర టన్నుల జి.ఎం.సి. ట్రక్కునకు జి-508 అను గుర్తులు కలవు. అయినను పలకను మాత్రమే నమ్మరాదు. దానిని మరియొక దానికి బిగించుట కష్టము కాదు. మూత విప్పి చూడవలెను. పాయింట్లను తెరచు ఇరుసుపై నాలుగు సిలిండర్ల ఇంజనునకు నాలుగు మూలలు, ఆరింటి ఇంజనునకు ఆరు మూలలు ఉండును. పాయింట్లలో ఒకదానిపై గుంట, రెండవదానిపై దిబ్బ ఏర్పడినచో కండెన్సరు దానికి తగినది కాదేమోయని శంకింపవలెను.

చివరకు చట్రమును తడిమి చూడవలెను. ఏమియు బిగింపని ఖాళీ రంధ్రము కనిపించినచో, అది ఒకనాడు రాగి పట్టీ ఉండిన చోటు కావచ్చును. పట్టీలు లేని బండిపై ‘ఎస్’ అక్షరమును మాత్రము క్రొత్తగా వ్రాసినచో ఆ అక్షరము అబద్ధమాడినట్లే. పట్టీని తిరిగి బిగించినందున బండి వేగము పెరుగదు. కాని ఇంజను నడచుచుండగా అందులోని రేడియోను త్రిప్పినచో మాట స్పష్టముగ వినిపించును. ఒకనాడు ఆ స్పష్టతపై మనుష్యుల ప్రాణములు ఆధారపడియుండెను.