రాయలసీమలో బాటసారుల రక్షణ, ఆయుధధారణ

కర్నూలు, కడప మండలాల కొండదారులలో, అడవిదారులలో ప్రయాణించిన పరదేశీయులు, యాత్రికులు, వర్తకులు తమ ప్రాణాలకు, సొమ్ముకు రక్షణగా ఏర్పరచుకొన్న పద్ధతులు, వెంట ఉంచుకొన్న ఆయుధాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. 17వ శతాబ్దంలో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ దారులను గురించి వ్రాసినవారిలో ముఖ్యులు. వారి రచనలను, ఈ ప్రాంతపు పాలనాచరిత్రను కలిపి చదివితే, తెలియని సీమలో బాటసారికి ఆయుధం కంటే స్థానికుల పూచీయే ఎక్కువ అక్కరకు వచ్చినట్లు కనబడుతుంది.

దారులు, భయాలు

వీరాస్వామయ్య వెళ్ళిన బాట తిరుపతి దాటిన తరువాత బాలపల్లె కనుమ గుండా కడప సీమలో ప్రవేశిస్తుంది. కోడూరు, నందలూరు, ఒంటిమిట్ట, కడప, దువ్వూరు మజిలీల మీదుగా అహోబిలం చేరి, అక్కడినుండి నల్లమల పడమటి అంచు వెంబడి మహానంది, ఆత్మకూరుల వైపు సాగుతుంది. ఇది వర్షాలు తక్కువైన మెట్టప్రాంతం. కనుక నీళ్ళున్న చోటనే మజిలీ చేయవలసి ఉండేది. ఆ సంగతి దొంగలకూ తెలుసు, పులులకూ తెలుసు. ఆనాటి ప్రయాణ రచనలలో ఊరి పేరు పక్కనే బావి ఉన్నదా, చావడి ఉన్నదా, అన్ని సరుకులు దొరుకుతాయా అనే వివరాలు విసుగు పుట్టేటంతగా కనబడటానికి కారణం ఇదే.

గండికోటకు వచ్చిన తావెర్నియే

జాన్ బాప్తిస్త్ తావెర్నియే 1652లో గండికోటకు వచ్చాడు. అంతకు కొద్దికాలం క్రితమే గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పెమ్మసాని నాయకుల నుండి వశపరచుకొన్నాడు. సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను, మణులను ముందుగా మీర్ జుమ్లాకు చూపించడానికి తావెర్నియే ఇంతదూరం వచ్చాడు. అంటే పెన్నానది గండి పక్కన, భాష తెలియని దేశంలో, అతడు వెంట మోసుకొని తిరిగినది సామాన్యమైన సొమ్ము కాదు.

1676లో ప్రచురింపబడిన తన యాత్రాగ్రంథంలో అతడు ఈ దేశంలో ప్రయాణించే పద్ధతిని వివరించాడు. గౌరవంగా ప్రయాణం చేయదలచినవాడు పల్లకీతోపాటు ఇరవై ముప్పై మంది ఆయుధపాణులను కుదుర్చుకోవాలి. కొందరి వద్ద విల్లంబులు, మరికొందరి వద్ద తుపాకులు ఉంటాయి. వారి జీతం కూడా పల్లకీ బోయీల జీతమంతే, అనగా నెలకు సుమారు నాలుగు రూపాయలు. ఇక్కడ గమనించవలసిన విషయం, ఈ మనుష్యులకు ఒక నాయకుడు ఉండి వారి నమ్మకానికి అతడు పూచీపడేవాడు. తావెర్నియే దృష్టిలో ఈ బలగం సగం రక్షణకు, సగం దర్జాకు. ఇరవై మంది వెంట లేనివాడిని పెద్దమనిషిగా ఎవరూ లెక్కచేయరు. లెక్కలేనివాడిని దోచుకోవడం సులభం.

కావలి వ్యవస్థ

పాలెగాళ్ళ కాలంలో దారుల రక్షణ కావలి అనే ఏర్పాటు మీద ఆధారపడి ఉండేది. గ్రామంలో తలారి, దారిలో కట్టుబడి బంట్లు, వారిపైన పాలెగాడు ఉండేవారు. వీరికి ఇనాం భూములు, రుసుములు లభించేవి. తమ హద్దులో బాటసారి సొమ్ము పోతే దొంగను పట్టియివ్వాలి, లేదా నష్టం భరించాలి. సూత్రం ఇంత చక్కనిదే గాని ఆచరణ వేరు. కావలి రుసుము చెల్లించని వర్తకుని సొమ్ము ఆ కావలివారి మనుష్యుల చేతనే దోపిడీకి గురి కావడం కద్దు. కాపలాకు, దోపిడీకి మధ్య గీత చాలా సన్నగా ఉండేది.

1800లో నిజాం ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉన్నాడు. దత్తమండలాలలో ఆనాడు సుమారు ఎనభైమంది పాలెగాళ్ళు ఉండేవారు. మన్రో వారి కోటలను, సైన్యాలను తొలగించి కొందరికి భరణాలు ఏర్పాటుచేశాడు. పాలెగాళ్ళ బలం తగ్గింది గాని, కాపలావృత్తి మీద బ్రతికిన కట్టుబడి బంట్ల కుటుంబాలు క్రమంగా మాన్యాలు పోగొట్టుకొన్నాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటులో చేరినవారిలో ఇటువంటివారు అనేకులు ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన ఉరితీయబడ్డాడు.

వీరాస్వామయ్య యాత్ర

చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. వెంట సుమారు వందమంది పరివారం ఉన్నారు. దారిపొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసి పంపిన విశేషాలు 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయినాయి. 1941లో దిగవల్లి వేంకటశివరావు దీనిని పరిష్కరించి మరల ప్రకటించారు.

నేటి పాఠకుడు దీనిని స్వదేశయాత్రగా భావించవచ్చు. కాని ఆనాడు కడప కంపెనీవారి జిల్లా. అహోబిలం దాటి ముందుకు సాగితే వచ్చే సీమ కందనూరు (కర్నూలు) నవాబు గులాం రసూల్ ఖాన్‌ది. కృష్ణ దాటితే నిజాము రాజ్యం, ఆపైన నాగపూరు భోంసలేల రాజ్యం. ఒక్కొక్క సరిహద్దు దాటినప్పుడల్లా న్యాయం, నాణెం, సుంకం అన్నీ మారిపోయేవి. చెన్నపట్నం కోర్టులో ఎంత పలుకుబడి ఉన్నా ఆత్మకూరు సుంకపు చావడిలో అది చెల్లదు. శ్రీశైలానికి వెళ్ళే యాత్రికుల వద్ద నవాబు మనుష్యులు పన్ను వసూలు చేసేవారు. ఆ డబ్బుతో గుడికి గాని దారికి గాని మరమ్మత్తు జరగడం లేదని వీరాస్వామయ్య బాధపడ్డాడు.

ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే దారి పూర్తిగా అడవి. ఈ భాగంలో యాత్రికులకు దిక్కు చెంచులే. 1794లో శ్రీశైలం సందర్శించిన కాలిన్ మెకంజీ కూడా వీరిని గురించి వ్రాశాడు. యాత్రికులను సురక్షితంగా కొండ చేర్చినందుకు చెంచులు రుసుము పుచ్చుకొనేవారు. కనుమల కాపలా వారి పరంపరాగత హక్కు. విల్లు, అమ్ములు, చిన్న గొడ్డలి తప్ప వారికి వేరే ఆయుధాలు లేవు. అయినా పట్టణం నుండి తెచ్చుకొన్న తుపాకి బంట్ల కంటె వీరి తోడు నమ్మదగినది. ఏ వాగులో నీరున్నదో, ఏ వేళలో ఎలుగుబంటి దారికి వస్తుందో బంట్లకు తెలియదు గదా.

వీరాస్వామయ్య బృందం ఆ తరువాత జబ్బల్పూరు మీదుగా ఉత్తరదేశం చేరింది. సరిగా ఆ సంవత్సరాలలోనే, ఆ ఊరు కేంద్రంగా, స్లీమన్ అనే అధికారి థగ్గులను పట్టుకొనే పనిలో ఉన్నాడు. థగ్గులు బాటసారులతో స్నేహం కలిపి, కలిసి నడిచి, నమ్మకం కుదిరిన తరువాత రుమాలుతో గొంతు బిగించి చంపేవారు. వీరి చేతిలో చనిపోయినవారిలో సెలవుపై ఇండ్లకు వెళుతున్న సిపాయిలు చాలామంది ఉన్నారు. వారందరూ ఆయుధవిద్య నేర్చినవారే. దీనివలన 1810లో మేజర్ జనరల్ సెయింట్ లెజర్ సిపాయిలకు ఒక హెచ్చరిక జారీచేశాడు. రాత్రివేళ నడవవద్దని, దారిలో పరిచయమైనవారిని నమ్మవద్దని, జీతపు డబ్బును రొక్కంగా గాక హుండీగా పంపుకోవలసినదని అందులోని సారాంశం. ఈ మూడింటిలో ఒక్కటికూడా ఆయుధానికి సంబంధించినది కాకపోవడం గమనార్హం.

ఆయుధచట్టాలు

1839లో కందనూరు నవాబు పెద్దయెత్తున ఫిరంగులు, మందుగుండు రహస్యంగా సమకూర్చాడని కంపెనీ ప్రభుత్వం విచారణ జరిపించింది. అక్టోబరు 18న జొహరాపురం వద్ద జరిగిన పోరాటంలో నవాబు పట్టుబడ్డాడు. అతనిని తిరుచినాపల్లికి పంపగా, 1840లో అక్కడ హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ పాలనలోకి వచ్చి, 1858లో జిల్లా అయింది. 1871లో కడప మీదుగా రాయచూరు వరకు రైలుమార్గం పూర్తికావడంతో కాశీకి వెళ్ళే సామాన్యునికి బంట్ల అవసరమే పోయింది.

1878లో లిట్టన్ కాలపు ఆయుధచట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ యూరోపియనులకు మినహాయింపు ఇచ్చింది. ఈ వివక్షను జాతీయవాదులు చాలాకాలం నిరసించారు. అదే కాలంలో దారుల గుట్టు తెలిసిన కులాలకు మరొక దెబ్బ తగిలింది. ఎద్దులమీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా తిరిగిన ఎరుకలవారు రైలు వచ్చాక జీవనం కోల్పోయి, ఆపైన నేరస్థ జాతుల చట్టం క్రింద నమోదయ్యారు. ఆత్మకూరు సమీపంలోని సిద్ధాపురంలో వారికి ఒక సెటిల్మెంటు ఏర్పాటైంది. ఆ చట్టం 1952లో రద్దయింది.

ప్రస్తుతం అమలులో ఉన్నది 1959 నాటి ఆయుధచట్టం. 2019 సవరణ ప్రకారం ఒకరు సాధారణంగా రెండు తుపాకులకు మించి కలిగి ఉండరాదు. లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లునో ఆ పత్రంలోనే వ్రాసి ఉంటుంది. ఆ హద్దు దాటి తీసుకొని పోవడం నేరం.

నేటి నల్లమలలో

శ్రీశైలం, అహోబిలం, ఆత్మకూరు 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. చుట్టూ ఉన్న అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 31వ సెక్షన్ ప్రకారం వ్రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలో ప్రవేశించరాదు. ఆ చట్టం దృష్టిలో కత్తి, విల్లంబు, వల, ఉచ్చు కూడా ఆయుధాలే. కనుక ఆత్మరక్షణకని వేటకొడవలి పట్టుకొని కొండకు నడిచే భక్తుడు తెలియకుండానే నేరం చేసినవాడవుతాడు. చేతికర్రకు ఆక్షేపణ లేదు.

శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు, ముఖ్యంగా కన్నడ భక్తులు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా ఇప్పటికీ కాలినడకన వెళుతున్నారు. వీరాస్వామయ్య పేర్కొన్న పెద్దచెరువే నేటి పెచ్చెర్వు. గుంపుగా నడవడం, మాట్లాడుకొంటూ పోవడం, తెల్లవారుజామున, మునిమాపున పొదల దగ్గరకు వెళ్ళకపోవడం ఎలుగుబంట్ల నుండి మంచి రక్షణ. పాము కరిచినచో కోయడం, కట్టు బిగించడం మాని ఆసుపత్రికి చేర్చాలి. దోర్నాల-శ్రీశైలం రహదారిలో రాత్రివేళ వాహనాలను అనుమతించరు. ఈ అడవిలో అటవీశాఖవారు కాపలాకు నియమించుకొన్నవారిలో చెంచులు అధికసంఖ్యలో ఉన్నారు.

విదేశాలకు వెళ్ళేవారు

ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి వేలాదిమంది కువైట్ మొదలైన దేశాలకు పనికి వెళ్ళారు. కొందరు జనసంచారం లేని ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసే పనిలో పడ్డారు. అక్కడ వారికి ఎదురయ్యే ప్రమాదం దొంగల వలన గాక, పాస్‌పోర్టు లాగుకొని జీతం ఎగవేసే యజమాని వలన, మండుటెండ వలన. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంటివద్ద ఒక ప్రతి ఉంచడం, 1983 వలసచట్టం క్రింద నమోదైన ఏజెంటు ద్వారానే వెళ్ళడం, భారత రాయబార కార్యాలయం ఫోను నెంబరు కంఠస్థం చేయడం అవసరం. 2015లో ప్రారంభమైన మదద్ పోర్టల్ ద్వారా ఇంటివారు ఇక్కడినుండే ఫిర్యాదు చేయవచ్చు.

భారతదేశపు తుపాకి లైసెన్సు విదేశంలో చెల్లదు. ఆయుధాన్ని దేశం నుండి బయటకు తీసుకొనిపోవడానికి కూడా వేరే అనుమతి కావాలి. ఇంట్లో లైసెన్సు తుపాకి ఉన్నవారి సంచిలో ఎప్పుడో మరచిపోయిన తూటా విమానాశ్రయపు తనిఖీలో బయటపడిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. తెలిసి దగ్గర ఉంచుకొన్నప్పుడే అది నేరమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. కాని ఆ సంగతి న్యాయస్థానంలో తేలేలోగా విమానం వెళ్ళిపోతుంది, వీసా గడువూ తీరిపోవచ్చు. పాత సంచీని ప్రయాణానికి తీసేటప్పుడు అరలన్నీ తిరగవేసి దులపాలి.